కోతుల పక్షం వహించిన పెట్రోలు బంకు

కొత్త జిల్లాలు ఏర్పడిన మూడో ఏట, జగిత్యాల మామిడి మార్కెట్టు ముందు లారీలు బారులు తీరే రోజుల్లో, నన్ను తూనికలు కొలతల శాఖ ఇన్‌స్పెక్టరుగా సిరిసిల్ల నుంచి జగిత్యాలకు బదిలీ చేశారు. రిటైర్మెంటు దగ్గరపడింది కదా అని ఇల్లు మార్చలేదు. రోజూ వేములవాడ మీదుగా బస్సులో వెళ్లివచ్చేదాన్ని. ఆ బస్సులో సీటు దొరకడం దైవాధీనం. దైవం వేములవాడలోనే ఉన్నా నా మొర మాత్రం ఎన్నడూ వినలేదు.

మా శాఖ గురించి జనానికి తెలిసింది తక్కువ. బంగారు దుకాణంలోని చిన్న త్రాసు దగ్గర్నుంచి లారీలను తూచే ధర్మకాంటా దాకా, పాలకేంద్రంలోని కొలత నుంచి పెట్రోలు బంకు గొట్టం దాకా, అమ్మకానికి వాడే ప్రతిదాన్నీ నియమిత కాలంలో పరీక్షించి ముద్ర వేయడం మా పని. ముద్ర లేనిది వాడితే కేసు. నన్ను అందరూ కాంటాల మేడం అనేవారు. నేను అంగట్లో అడుగు పెట్టగానే కూరగాయల వాళ్లు తూకపు రాళ్లను గోనెసంచుల కింద దాచేవారు. దాచిన రాయే తప్పుడు రాయని నాకూ తెలుసు, వాళ్లకూ తెలుసు. అయినా దాచేవారు. ఇలాంటి ఉద్యోగంలో మనిషికి కొంచెం కోపం, కొంచెం అనుమానం ఒంటికి పట్టేస్తాయి. మా ఆయన ఇంట్లో చాయ్‌లో చక్కెర వేస్తున్నప్పుడు కూడా నా చూపు చెంచా మీదే ఉండేదని ఇప్పటికీ దెప్పుతుంటారు.

చేరిన కొద్ది రోజులకే కోరుట్ల దగ్గరి ఒక పల్లె నుంచి ఫిర్యాదు వచ్చింది. ఆ ఊరి పేరు రాయను. ఊరివాళ్లు ఇప్పుడు కలిసిమెలిసి ఉన్నారు, నా మూలంగా మళ్లీ మొదలుకావడం ఎందుకు? ఫిర్యాదులో మూడు అంశాలున్నాయి. ఒకటి, ఊరి బయటి బంకులో పెట్రోలు తక్కువ పోస్తున్నారు. రెండు, డీజిలూ తక్కువే పోస్తున్నారు. మూడు, బంకు యజమాని మల్లేశం కోతుల పక్షం మాట్లాడుతున్నాడు కాబట్టి అతని లైసెన్సు రద్దు చేయగలరు. మూడో అంశం ఏ సెక్షను కిందికి వస్తుందా అని నిజంగానే వెతికాను. మా చట్టంలో కోతి అన్న మాటే లేదు.

ఫిర్యాదు తెచ్చినాయన గ్రామాభివృద్ధి కమిటీ అధ్యక్షుడు రాజలింగం. మా ప్రాంతంలో పంచాయతీ వేరు, ఈ కమిటీ వేరు. దీనికి చట్టంలో చోటు లేదు, ఊళ్లో మాత్రం దీని మాటకు తిరుగులేదు. ఆయన కాషాయ బట్టల్లో, మెడలో మాలతో, ఎర్రటి ఎండలో చెప్పుల్లేకుండా వచ్చాడు. కొండగట్టు అంజన్న దీక్షలో ఉన్నాడన్నమాట. దీక్షలో ఉన్నవాళ్లు అబద్ధమాడకూడదు, కేకలు వేయకూడదు. మాల వేసుకున్న మగవాణ్ని చిన్నా పెద్దా చూడకుండా స్వామి అనాలి, ఆడవాళ్లను మాత అనాలి. "మాతా, జర దయచూడుండ్రి" అంటూ కాగితం నా బల్ల మీద పెట్టాడు. అన్నేళ్ల సర్వీసులో నాకు దక్కిన పెద్ద ప్రమోషన్ అదే.

మర్నాడు మా ఆఫీసు అటెండరు సత్తయ్యను వెంటబెట్టుకుని బయల్దేరాను. ఐదు లీటర్ల కొలతపాత్ర ఉన్న చెక్కపెట్టె, ఒక లీటరు కొలత, సీసపు బిళ్లలు, తీగ, సీలు వేసే పటకారు మా సరంజామా. ఈ పటకారు గురించి ముందే చెప్పాలి. దాని నోట్లో ఇన్‌స్పెక్టరు నంబరు చెక్కి ఉంటుంది. పంపులో లోపలి మరలను ఎవరూ తిప్పకుండా తీగ కట్టి, సీసపు బిళ్ల వేసి, పటకారుతో నొక్కితే ఆ నంబరు పడుతుంది. ఆ నంబరే సర్కారు మాట. పటకారు పోగొట్టుకున్న ఇన్‌స్పెక్టరుకు సస్పెన్షను తప్పదు. సత్తయ్య దాన్ని భోజనం చేసేటప్పుడు కూడా ఒళ్లో పెట్టుకునేవాడు.

ఊరు దగ్గరపడుతుండగా ఒక వింత కనిపించింది. ఒకాయన బండి సరిగ్గా బంకు ముందే ఆగిపోయింది. పెట్రోలు అయిపోయినట్టుంది. ఆయన దిగాడు. బంకు వైపు చూడకుండా తల పక్కకు తిప్పుకుని, చెమటలు కక్కుతూ బండిని ఊళ్లోకి తోసుకుంటూ వెళ్లాడు. వెనకే ఇంకొకాయన అలాగే తోసుకుంటూ వచ్చాడు. బంకులో మల్లేశం ఒక్కడే కుర్చీలో కూర్చుని వాళ్లను చూస్తున్నాడు. ఆయన మెడలోనూ అంజన్న మాలే. రేకుల కప్పు మీద వరసగా కూర్చుని కోతులు కూడా చూస్తున్నాయి.

సంగతంతా మల్లేశమే చెప్పాడు. ఊళ్లో కోతుల బెడద ఎక్కువైంది. మామిడి తోటల్లో కాయ నిలవడం లేదు, ఇళ్ల మీద పెంకు మిగలడం లేదు. రాజలింగం తల్లి బుచ్చవ్వ చేతి సంచి గుంజుకోబోయి ఒక కోతి ఆమె ముంజేతిని కరిచింది. కమిటీ ఇంటింటికీ చందా వేసి కోతులు పట్టేవాళ్లను పిలిపించాలని తీర్మానించింది. మల్లేశం నిండు సభలో లేచి, తాను చందా ఇవ్వనన్నాడు. గుట్టను కంకర కోసం పేల్చింది మనుషులు, తునికి చెట్లు, సీతాఫలం చెట్లు నరికింది మనుషులు, అవి ఊళ్లోకి రాక ఎక్కడికి పోతాయని అడిగాడు. పైగా మంగళవారం మంగళవారం బంకు పక్కన వాటికి అరటిపండ్లు పెడుతున్నాడు. కమిటీకి మండింది. ఆయన బంకులో ఎవరూ చుక్క పోయించుకోకూడదు, ఆయనతో ఎవరూ మాట్లాడకూడదు, తప్పితే జరిమానా అని డప్పు వేయించారు.

ఇలా ఒక మనిషిని వెలివేయడం నేరం. ఠాణాకు వెళ్లమని చెప్పాను. మల్లేశం తల అడ్డంగా ఊపాడు.

"ఠాణకు పోతె ఊరు జన్మల నాతోని మాట్లాడది మేడం. నా జవానీ అంత గల్ఫుల ట్యాంకర్ నడిపి, గా పైసల్తోని గీ బంకు పెట్టుకున్న. అమ్మకం లేకపోతె కంపెనోల్లు తీసేస్తరు. తక్వ అచ్చిందని మీరు రాస్తె ఇయ్యాల్నే తీసేస్తరు. తక్వ అత్తె బంకుకు తాళం ఏయుండ్రి. రాలేదంటె మాత్రం గట్టిగ జెప్పుండ్రి, నలుగురు ఇనేటట్టు."

మాట్లాడుతూనే లేచి, పంపు గొట్టాన్ని కండువాతో తుడిచాడు. నాకు జాలేసింది. కానీ జాలిపడి ముద్ర వేసే అధికారం నాకు లేదు. అందుకే దీక్ష సంగతి అడిగి మాట మార్చాను. ఇద్దరూ ఒకే దీక్షలో ఉన్నారు కదా, ఎదురుపడితే ఎలాగని. మల్లేశానికి నవ్వొచ్చింది. దాని మీద కమిటీ ప్రత్యేకంగా కూర్చుందట. మాల వేసుకున్నవాణ్ని స్వామి అని పలకరించకపోతే దీక్షకు దోషం. పలకరిస్తే తీర్మానానికి దోషం. చాలాసేపు తర్జనభర్జన పడి, స్వామి అనే ఒక్క మాట వరకూ అనవచ్చు, రెండో మాటకు జరిమానా అని తేల్చారు.

కమిటీకి కబురు పెట్టాను. చాయ్ చల్లారేలోగా సగం ఊరు బంకు ముందు చేరింది. రాజలింగం వచ్చాడు, కిరాణా దుకాణం నడిపే ఆయన బామ్మర్ది గంగాధర్ వచ్చాడు. చేతికి కట్టుతో బుచ్చవ్వ కూడా వచ్చి, నీడ చూసుకుని కూర్చుంది.

ఫిర్యాదు విచారణకు ఒక పద్ధతి ఉంది. ఫిర్యాదు చేసినవాళ్లు ఎప్పుడు కొన్నారో, ఎంత కొన్నారో, తక్కువని ఎలా తెలిసిందో చెప్పాలి. అది రాసుకుని, వాళ్ల ఎదుటే పరీక్ష చేయాలి. నేను పెన్ను తీసి, ఇక్కడ పెట్రోలు పోయించుకున్నదెవరని అడిగాను.

ఎవరూ పలకలేదు. మళ్లీ అడిగాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంతమంది సంతకాలు పెట్టి ఇప్పుడు బెల్లం కొట్టిన రాయిలా నిలబడితే ఎలా అని గదమాయించాను. అప్పటికి గాని నాకు అసలు చిక్కు బోధపడలేదు. పోయించుకున్నానంటే జరిమానా కట్టాలి. పోయించుకోలేదంటే, తక్కువని ఎలా తెలిసిందో చెప్పాలి. సంతకాలు చేసేటప్పుడు ఈ ముక్క ఒక్కరికీ తట్టలేదు.

ఒకాయన ధైర్యం చేశాడు. "సూత్తెనే ఎరుకైతది మేడం" అన్నాడు. దేన్ని చూస్తే అని అడిగితే పక్కవాళ్ల వెనక్కి జరిగాడు. ఇంకొకాయన తన బావ చెప్పాడన్నాడు. ఆ బావను ముందుకు రమ్మన్నాను. మస్కట్‌లో ఉన్నాడట.

సాక్ష్యం సంగతి అలా వదిలేసి పరీక్ష మొదలుపెట్టాను. సీలు తీగ తెంచి, పంపు తలుపు తెరిచి, లోపలి మరలను ఎవరైనా తిప్పారేమో చూశాను. సరిగానే ఉన్నాయి. తర్వాత కొలతపాత్ర. ముందు దాన్ని ఒకసారి నింపి ఒంపేయాలి, పొడి పాత్ర కొంత పెట్రోలును తన ఒంటికి పూసుకుంటుంది కాబట్టి. ఆ తర్వాతే అసలు కొలత. ఐదు లీటర్లకు ఇరవై అయిదు మిల్లీలీటర్ల దాకా అటూ ఇటూ తేడాను నిబంధన ఒప్పుకుంటుంది. ఏ యంత్రమూ గీత మీద గీతలా పోయదని చట్టం రాసినవాళ్లకు తెలుసు. మూడుసార్లు పోశాం. మూడుసార్లూ పెట్రోలు గీత మీద వెంట్రుకవాసి ఎక్కువే ఉంది. డీజిలూ అంతే. అందర్నీ దగ్గరికి పిలిచి చూపించాను. మల్లేశం అడిగినట్టే గట్టిగా చెప్పాను, ఈ బంకులో కొలత సరిగా ఉంది అని.

దావత్ అని పిలిచి పప్పు వడ్డించినట్టు అయ్యాయి జనం మొహాలు. మల్లేశం కండువాతో మొహం తుడుచుకుని, చాలాసేపు తుడుచుకుంటూనే ఉన్నాడు.

అంతటితో అయిపోయేదే. కానీ రాజలింగానికి ఒక సందేహం మిగిలిపోయింది. నిష్ఠగల మనిషి కావడంతో దాన్ని మనసులో దాచుకోలేకపోయాడు.

"మరి నా బండెందుకు ఆగుతాంది మాతా? లీటర్ పోసుకుంటె కోరుట్లకు పోయి ఇంటికి రావాలె. వాపసు వచ్చేటప్పుడు ఊరు జేరకముందే ఆగిపోతాంది. మా అవ్వను సూదిమందుకు తీస్కపోయిన్నాడు గూడ గట్లనే ఆగింది."

ఆ లీటరు ఎక్కడ పోయించుకున్నావని అడిగాను. ఆయన అమాయకంగా బామ్మర్ది వైపు చూశాడు. బంకును వెలివేసిన రోజు నుంచి ఊరి బండ్లన్నీ గంగాధర్ దుకాణంలోని సీసా పెట్రోలుతోనే నడుస్తున్నాయి. కోరుట్ల నుంచి తెస్తున్నానని చెప్పి, ధర కాస్త ఎక్కించి అమ్ముతున్నాడు. సత్తయ్య వెళ్లి లీటరు సీసా ఒకటి పట్టుకొచ్చాడు. ముద్ర ఉన్న లీటరు కొలతలో ఒంపాం. గీతకు బెత్తెడు కిందే ఆగిపోయింది. బండ్లు బంకు ముందే ఎందుకు ఆగుతున్నాయో అర్థమైంది. కోరుట్లకు వెళ్లి వస్తుంటే, ఊరు ఇంకా అంత దూరం ఉండగానే ఆ లీటరు అయిపోతోంది.

జనం గంగాధర్ మీదికి తిరిగారు. పాపం, ఆయన సీసా వైపోసారి, బంకు వైపోసారి చూశాడు. మనిషి కంగారులో తప్పించుకోవడానికి అడ్డదారి వెతుకుతాడు. ఆయనకు దొరికిన దారి ఇదీ:

"నేనేం తక్వ పోత్తలేను మేడం! బంకుల ఎంత పోత్తె గంతనే సీసలల్ల నింపుతున్న. తక్వ అచ్చిందంటె గీ మల్లేశమే తక్వ పోసిండు!"

ఏ బంకు అని నేను అడగాల్సిన పని లేకపోయింది. కోరుట్ల నుంచి తెస్తున్నానన్నవాడి నోటే మల్లేశం పేరు వచ్చేసింది.

అందర్లోకీ ముందు తేరుకున్నది మల్లేశం. రోజూ పొద్దు మునిగాక గంగాధర్ క్యాన్లు పట్టుకుని వెనక దారిన వచ్చేవాడని చెప్పాడు. క్యాన్లలో పెట్రోలు పోయడం నీ తప్పే కదా అని నేను మండిపడ్డాను. అది మా శాఖ కేసు కాకపోయినా తప్పు తప్పే. ఆయన కాదనలేదు. "ఊరోల్ల బండ్లు నడువాలె గద మేడం" అన్నాడు. పంపు వైపు చూసి, "నా బంకూ నడువాలె గద" అని కలిపాడు. రెండూ నిజమే.

అంటే బహిష్కారం మొదలైన రోజు నుంచీ ఊరు ఊరంతా బండ్లకు తాగించింది మల్లేశం పెట్రోలే. కాకపోతే కొలత తగ్గించుకుని, ధర పెంచుకుని. నీడలో కూర్చున్న బుచ్చవ్వ కట్టు చెయ్యి ఎత్తి కొడుకును చూపించి, "ఏడిసినట్టున్నది మీ కమిటి" అంది. మొదట నవ్వింది ఆడవాళ్లు. తర్వాత నవ్వని వాళ్లు లేరు, ఇద్దరు తప్ప. ఆ ఇద్దరూ బావా బామ్మర్దులు.

రాజలింగం చేతులు జోడించాడు. "నేను గూడ తప్పు చేసిన మాతా. అవ్వను తీస్కపోయిన్నాడు బండి గీన్నే ఆగింది. గీ స్వామి పెట్రోల్ పోసిండు. నేను పోయించుకున్న. మాల మీద ఉండి దాసద్దు." ఆ రోజు మల్లేశం ఆయన్ను ఏమీ అడగలేదట. ఇద్దరూ స్వామి అంటే స్వామి అనుకుని ఎవరి దారిన వాళ్లు పోయారట. ఇది విన్నాక జనం నవ్వు ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే నా పటకారు పోయింది.

సీలు వేయడానికి సత్తయ్య దాన్ని బయటికి తీసి పంపు మీద పెట్టాడు. ఈ గొడవలో అందరమూ మనుషుల్నే చూస్తున్నాం. ఒక పెద్ద మగకోతి కప్పు మీంచి దిగి, పటకారు అందుకుని, వచ్చిన దారినే ఎక్కేసింది. మొదట దాన్ని వాసన చూసింది. తర్వాత కొరికింది. అది అడవిలోకి పోతే నా ఉద్యోగం రిటైర్మెంటుకు ముందే రిటైరవుతుంది. నాతోపాటు మల్లేశం గతీ అంతే. సీలు తెంచిన పంపును మళ్లీ సీలు వేసేదాకా నడపకూడదు. కొలత సరిగా ఉన్న బంకు మూతపడేట్టుంది.

మల్లేశం లోపలికి పరుగెత్తి చిన్న అరటిగెల తెచ్చాడు. అది చూసి రాజలింగం గబగబా ముందుకొచ్చాడు. ఆయనకు ఏదో చెప్పాలని ఉంది. చెప్పడానికి ఒక్క మాటే అనుమతి ఉంది.

"స్వామీ!" అన్నాడు.

మల్లేశం ఆగి చూశాడు. రాజలింగం గెలను చూపించి, చెయ్యి అడ్డంగా ఊపి, "స్వామీ, స్వామీ" అన్నాడు. కోతిని చూపించి, తల్లి కట్టును చూపించి, గొంతు మార్చి ఇంకోసారి "స్వామీ!" అన్నాడు. ఒకే మాటతో మనిషి ఎంత తిట్టగలడో, ఎంత బతిమాలగలడో ఆ రోజే చూశాను. మల్లేశానికి ముక్క అర్థం కాలేదు. చివరికి రాజలింగం ఓర్పు తెగింది.

"జరిమాన పాడుగాను! పండు ఇయ్యకుండ్రి స్వామీ! గుంజుకుంటె పండు దొరుకుతదని వాటికి మీరే నేర్పిండ్రు. సెల్ గుంజుకుంటె పండు ఇచ్చి ఇడిపిస్తరు, తాళంచెవి గుంజుకుంటె పండు ఇస్తరు. మా అవ్వ సంచి గుంజింది గందుకే గద స్వామీ!"

మల్లేశం చేతిలో గెల అలాగే ఉండిపోయింది. బుచ్చవ్వ కట్టు వైపు చూశాడు. ఈ మాట ఆయనకు ఇంతకుముందు ఎవరూ చెప్పలేదు. చెప్పకుండా తీర్మానం చేశారు మరి.

"నిజమే స్వామీ" అన్నాడు మెల్లగా. "నాకు గంత దూరం తోచలే. గని ఇప్పుడు పండు పెట్టకుంటె మాత పటకారు ఎట్ల వాపసు అత్తది స్వామీ?"

ఈసారి తల గోక్కోవడం రాజలింగం వంతయింది. ఆ తర్వాత ఇద్దరూ కలిసి పనిలో దిగారు. ఇంతమంది ఉంటే కోతి కిందికి దిగదని రాజలింగం జనాన్ని రోడ్డు అవతలికి తోలాడు. ఊరు ఆయన మాట వింటుంది, మల్లేశం మాట వినదు. పండ్లను చేతికి ఇవ్వకుండా, పైకి విసరకుండా, దూరంగా నేల మీద పెట్టి మల్లేశం వెనక్కి వచ్చాడు. కోతి ఆయన్ను నమ్ముతుంది, రాజలింగాన్ని నమ్మదు. అది దిగివచ్చింది. గెల మోయడానికి రెండు చేతులూ కావాలి. పటకారును నేల మీద పెట్టింది. సత్తయ్య పరుగున వెళ్లి పటకారు మీద బోర్లా పడుకున్నాడు. కోతి గెలతో గోడ ఎక్కాక కూడా చాలాసేపు లేవలేదు.

నేను సీలు వేశాను. నా నంబరు పక్కన పటకారు మీద రెండు పంటిగాట్లు కూడా ఉన్నాయి. వాటి గురించి పై అధికారులకు వివరణ రాయడం వేరే కథ.

తర్వాత పంచనామా, అంటే జరిగిన తనిఖీని ఉన్నదున్నట్టు రాసి, ఇద్దరి సంతకాలు తీసుకోవడం. నేను మల్లేశాన్నీ, రాజలింగాన్నీ ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చోబెట్టాను. గంగాధర్ మీద ముద్ర లేని కొలతతో అమ్మినందుకు కేసు, సీసాల జప్తు. అంతా రాయడానికి చాలా సమయమే పట్టింది. అంతసేపూ వాళ్లు కోతుల గురించి వాదించుకున్నారు. ఇన్నాళ్లూ వేర్వేరుగా ఊరందరితో వాదించినవాళ్లు ఎదురెదురుగా వాదించుకోవడం అదే మొదలు.

వాదన చల్లగా సాగిందని అనుకోకండి. ఇద్దరికీ కోపం ముక్కు మీదే ఉంది. కానీ మెడలో మాల ఉంది, ఎదురుగా ఒక మాత ఉంది.

"మీరు మొండోల్లు స్వామీ" అన్నాడు రాజలింగం.

"మీరు మాల ఏసుకున్నరు గావట్టి ఊకుంటున్న స్వామీ."

"నేను గూడ గందుకే ఊకుంటున్న స్వామీ."

రాజలింగం తాను కౌలుకు పట్టిన తోటలో కాయ సగం నేలపాలైందని చెప్పాడు. ఆ తోట మీదే ఇల్లు గడవాలి. తల్లి చెయ్యి వాచిన మొదటి రాత్రి తాను నిద్రపోలేదని చెప్పాడు. మల్లేశం కాదనలేదు. పోయినేడు కోతులను పట్టి, జిల్లాలోనే ఉన్న ఇబ్రహీంపట్నం దిక్కు వదిలారు కదా, ఏమైందని అడిగాడు. ఆ దిక్కు ఊళ్లవాళ్లూ కోతులు పట్టేవాళ్లను పిలిపించుకుని, తెచ్చి మన చెరువుకట్ట మీద వదిలారని రాజలింగమే ఒప్పుకున్నాడు.

"వచ్చినయి వాల్ల కోతులో, మనయే వాపసు వచ్చినయో ఎవనికెరుక స్వామీ?"

"మనయే స్వామీ. నేను గుర్తుపడుత" అన్నాడు మల్లేశం గంభీరంగా. రాజలింగం నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయాడు.

ఒకరి అభిప్రాయాన్ని ఒకరు మార్చేశారని రాస్తే అబద్ధమవుతుంది. కోతులను పట్టించే తీరతానన్నాడు రాజలింగం. చందా ఇచ్చేది లేదన్నాడు మల్లేశం. అయితే రోడ్డు పక్కన ఇక పండు పెట్టనని, పెడితే గుట్ట అవతల, మనిషి చేతి నుంచి కాకుండా పెడతానని మల్లేశం మాటిచ్చాడు. గుట్ట మీద మిగిలిన చోట సీతాఫలం, తునికి గింజలు చల్లడానికి కమిటీ మనుషుల్ని పంపుతుందని రాజలింగం చెప్పాడు. బుచ్చవ్వను తర్వాతి సూదిమందుకు మల్లేశమే కారులో కోరుట్లకు తీసుకుపోయాడు. దారి పొడవునా ఆమె ఆయన్ను తిడుతూనే ఉందని, ఆమె దీక్షలో లేదు కాబట్టి ఆమెకు ఆ వెసులుబాటు ఉందని నాకు తర్వాత చెప్పాడు.

బహిష్కారాన్ని ఆ సాయంత్రమే ఎత్తేశారు. రాజలింగం ముందు తన జరిమానా తాను కట్టాడు, పెట్రోలు పోయించుకున్నందుకొకటి, రెండో మాట మాట్లాడినందుకొకటి. ఆ తర్వాతే తీర్మానాన్ని రద్దు చేయించాడు. వరస తప్పకూడదని పట్టుబట్టాడట. ఆ మనిషి మా శాఖలో ఉంటే బాగుండేదనిపించింది.

వానలు పడ్డాక ఒకరోజు కోరుట్ల వెళ్తూ ఆ బంకు ముందు ఆగాను. బోన్లు ఎక్కించిన వ్యాన్ ఒకటి డీజిల్ పోయించుకుంటోంది. కోతులు పట్టేవాళ్లది. వాళ్లు ఐదు లీటర్ల కొలత పెట్టి చూపించమన్నారు. అలా అడగడం ప్రతి వినియోగదారుడి హక్కు. మల్లేశం పాత్ర తెచ్చి, తడిపి, ఒంపి, పద్ధతిగా కొలిచి చూపించాడు. కొలిచినంతసేపూ, వాళ్లు చేస్తున్నది పాపపు పని అని వాళ్లకు చెబుతూనే ఉన్నాడు. పక్కన రాజలింగం నిలబడి, కాదు పుణ్యమని చెబుతున్నాడు. దీక్ష ముగిసి మాలలు తీసేసినా ఇద్దరికీ స్వామి అనే మాట మాత్రం పోలేదు. బోన్లు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. వాటిలోకి ఎక్కవలసినవాళ్లు కప్పు మీద వరసగా కూర్చుని కొలత సరిగా ఉందో లేదో చూస్తున్నారు.

ఆ కేసు నా పనితీరులో ఒక మార్పు తెచ్చింది. అప్పటినుంచి సర్వీసు ముగిసేదాకా, ఎవరు ఏ దుకాణం మీద ఫిర్యాదు తెచ్చినా, కాగితం చదవకముందే ఒక ప్రశ్న అడిగేదాన్ని: మీరు అక్కడ చివరిసారి ఎప్పుడు కొన్నారు? కొందరు తేదీ చెప్పేవారు, వాళ్ల పని వెంటనే చూసేదాన్ని. చాలామంది కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయేవారు. రిటైరై సిరిసిల్లలో కూర్చున్నాక కూడా ఆ అలవాటు పోలేదు. ఫలానా ఆయన మాటలు మంచివి కావు, ఆయన దుకాణానికి పోవద్దు అని ఎవరైనా నాకు చెబితే, ఆయనతో మీరు చివరిసారి ఎప్పుడు మాట్లాడారని అడుగుతాను. దీనివల్ల నాతో మాట్లాడేవాళ్లు కొంత తగ్గారు.